సున్నా చావుల జైలు

ఈ మధ్య జైలు శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇద్దరు అబ్బాయిలు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారో లేదో, "సార్, మీ సర్వీసులో ఎంతమంది ఖైదీలు తప్పించుకున్నారు?" అని మొదలుపెట్టారు. ఇద్దరు. ఒకడు మర్నాడే దొరికాడు. రెండోవాడు దొరకలేదు, దొరకనందుకు నాకేమీ బాధ లేదు. గోడ ఎలా దూకాడు, తాళం ఎలా తీశాడు అని గుచ్చి గుచ్చి అడిగారు. మీ చేతుల మీదుగా ఎంతమంది చచ్చిపోయారు అని మాత్రం అడగలేదు. చాయ్ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయారు. ఒళ్ళు మండి ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను జవానుగా చేరి జైలరుగా దిగిపోయాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడెక్కానో మీకు అక్కర్లేదు, నాకే సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది మొదటి ఊరు. జహీరాబాద్. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను నేర్చుకున్నదంతా అక్కడే నేర్చుకున్నాను, ఆ తర్వాత పెద్ద పెద్ద జైళ్ళలో చూసింది దాని మీద మరమ్మతే.

ఎర్రరాయి గోడలు

మాది పెద్ద జైలేం కాదు. తాలూకా కచేరీ వెనక ఎర్రరాయి గోడల మధ్య రెండు పొడుగాటి గదులు, ఒక బావి, ఒక వంటకొట్టం. ఇరవై మంది పట్టే గదిలో నలభై మందిని కుక్కేవాళ్ళం. ఒకడు పక్కకి తిరగాలంటే వరుసలో ఉన్నవాళ్ళందరూ తిరగాలి. దొంగలు తక్కువ. ఎక్కువమంది లెవీ ధాన్యం కట్టలేని రైతులు. యుద్ధం పేరు చెప్పి సర్కారు ప్రతి రైతూ ఇంత జొన్న ఇవ్వాలని లెక్క కట్టేది. పంట పండిందా లేదా అన్నది ఆ లెక్కలో ఉండేది కాదు. ఇవ్వనివాణ్ణి పట్టుకొచ్చేవాళ్ళు. ఝరాసంగం వైపు మెట్ట ఊళ్ళ నుంచి, చిరాగ్‌పల్లి వైపు నుంచి, కొందరు బీదరు సరిహద్దు నుంచి. ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు, కచేరీలో ఉర్దూ మాట్లాడే మనుషులు.

తినడానికి జొన్న గట్క. కప్పుకోవడానికి ఒకడు వదిలి వెళ్ళిన గొంగడి ఇంకొకడికి. ఉతకడం అనేది లేదు. ఆ గొంగళ్ళలో పేలు ఎంత బలిసి ఉండేవంటే, ఎండలో పరిస్తే కళ్ళకు కనిపించేవి. చలి ముదిరిందంటే జ్వరాలు మొదలు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, మతి లేని కలవరింతలు. మేం దాన్ని 'జైలు బుఖారు' అనేవాళ్ళం. చలికాలంలో జొన్నలు కోతకు రావడం ఎంత మామూలో మాకు అదీ అంతే మామూలు.

మా జైలు పెద్ద, దారోగా సాబ్, చెడ్డవాడని రాయలేను. కొట్టేవాడు కాదు. లంచం కోసం పీడించేవాడు కాదు. నమాజు తప్పేవాడు కాదు, ఎవరి ఇంట పెళ్ళయినా వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేవాడు. ఆయనకి ఒకటే పిచ్చి. తన జైల్లో చావు ఉండకూడదు. చావు ఉంటే పైనుంచి ప్రశ్నలొస్తాయి, జవాబు రాయాలి. లేకపోతే ఏటా శభాష్ అని ఒక కాగితం వస్తుంది. ఆ కాగితాలను అద్దాలు కట్టించి గోడకి వరుసగా తగిలించుకున్నాడు.

మెహర్బానీ

చావు లేకుండా ఎలా ఉంటుందని అడుగుతారు కదా, చెబుతాను. జ్వరం వచ్చినవాడు ఇక లేవడని తెలిసిన రోజున దారోగా సాబ్ ఊరికి కబురు పంపేవాడు. "మీవాణ్ణి విడిచిపెడుతున్నాం, బండి తెచ్చుకోండి." ఇంటివాళ్ళు పరుగు పరుగున వచ్చేవాళ్ళు. జమానత్ కాగితం, అంటే జామీను, దాని మీద ఖైదీ బొటనవేలు ఒకటి, ఇంటివాళ్ళ బొటనవేలు ఒకటి. మేమే ఇద్దరం పట్టుకుని బండిలో గడ్డి మీద పడుకోబెట్టేవాళ్ళం. బండి గేటు దాటిందంటే వాడు మా ఖైదీ కాడు. దారిలో పోయినా, ఇంటికి చేరాక పోయినా మా చావు కాదు. మా జవాన్లలో దీనికి 'మెహర్బానీ', అంటే దయ, అని పేరు. "రేపు ఒక మెహర్బానీ ఉన్నది, జర తొందరగా రా" అనుకునేవాళ్ళం.

ఇందులో నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటుంది. ఇంటివాళ్ళు సంతోషించేవాళ్ళు. ఝరాసంగం దగ్గరి బక్కన్న అనే పిల్లాడు, మీసం కూడా సరిగా రాలేదు, వాణ్ణి తీసుకుపోవడానికి తండ్రి వచ్చాడు. కొడుకు కళ్ళు తెరవడం లేదు. అయినా ఆ ముసలాయన దారోగా సాబ్ కాళ్ళకు మొక్కాడు. "నీ కడుపు సల్లగుండ సాబ్, నా కొడుకును ఇడిసిపెట్టినవ్" అని, పచ్చి కందికాయల గంప ఒకటి గుమ్మంలో దించాడు. బండి నారింజ వాగు దాటకముందే పిల్లాడి ప్రాణం పోయిందని సంతరోజు తెలిసింది. ఆ కందికాయలు అప్పటికే మేం ఉడకబెట్టుకుని తినేశాం.

దారోగా సాబ్ నిట్టూర్చాడు. "ఏం చేస్తం నర్సింలు, రాతల ఉన్నది దారిల జరిగింది. ఇంటోళ్ళ చేతుల పోయిండు, గది నయం కాదా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. నాకు అప్పుడు ఇంకో జైలు తెలియదు. పక్క తాలూకా జైల్లోనూ మెహర్బానీలే, వాళ్ళ కాగితంలోనూ సున్నాలే. అన్నిచోట్లా ఒకటే ఉంటే తప్పని ఎలా తెలుస్తుంది? కుర్రాళ్ళారా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మా జైల్లో అందరూ దుర్మార్గులై మనుషులు చావలేదు. దేంతోనూ పోల్చి చూసుకోకపోవడం వల్ల చచ్చారు.

షోలాపూర్ వకీలు

మరుసటి ఏడాది చలికాలం మొదట్లో షోలాపూర్ నుంచి ఒక వకీలు వచ్చాడు. అది తెల్లవాళ్ళ పాలనలో ఉన్న అంగ్రేజీ ఇలాఖా, నవాబు పాలనలో ఉన్న మాకు పరదేశమే. అక్కడి లారీ డ్రైవరు ఒకడు మా దగ్గర ఖైదులో ఉంటే జమానత్ కోసం వచ్చాడు. పొట్టి మనిషి, ముతక కోటు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. మరాఠీ యాసతో ఉర్దూ మాట్లాడాడు, ఆ మాటలు నా తెలుగులో రాస్తున్నాను.

దారోగా సాబ్ మర్యాద తెలిసినవాడు. చాయ్ తెప్పించాడు. అద్దాల కాగితాలు చూపించాడు. "ఐదేండ్ల సంది మా జైల్ల ఒక్క మౌత్, ఒక్క సావు లేదు వకీల్ సాబ్. మీ అంగ్రేజీ ఇలాఖల ఉన్నదా గిట్లాంటి జైలు?" అన్నాడు.

వకీలు కప్పు కింద పెట్టాడు. "లేదు."

"సూసిన్రా మరి!"

"ఎక్కడా లేదు దారోగా సాబ్. అందుకే నాకు భయంగా ఉంది."

దారోగా సాబ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వకీలు చెప్పుకుపోయాడు. వాళ్ళ దగ్గర ఏటా జైళ్ళ పుస్తకం అచ్చవుతుందట. ఏ జైల్లో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది జబ్బుపడ్డారు, ఎంతమంది పోయారు, అన్నీ ఉంటాయట. ఎవరైనా కొనుక్కోవచ్చట. ఇతను సిలోనుది, ఇంకా దొరికిన దేశాలవన్నీ తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకుని చదువుతాడట. "మంచి దవాఖానా, డాక్టరూ, మెత్తటి రొట్టే ఉన్న జైల్లో కూడా ఏడాదికి ఎవరో ఒకరు పోతారు. మనుషులు కదా, ఇంట్లో ఉన్నా పోతారు. మీ ఊళ్ళో ఈ ఐదేళ్ళలో ఎవరూ చచ్చిపోలేదా?"

"ఊర్లె ఎందుకు సావరు?"

"మరి తీసుకొచ్చి మీ జైల్లో పెడితే చావడం మానేస్తున్నారే! మా అమ్మకి ఎనభై దాటాయి. ఆమెను తెచ్చి మీ దగ్గర పెడతాను, కాస్త చోటివ్వండి."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. దారోగా సాబ్ ముఖం మాడిపోయింది. "మా జైలు మాది. బైటి ముల్కోళ్ళకు మా లెక్కలెందుకు?" అని లేచిపోయాడు. డ్రైవరు జమానత్ ఆ రోజు కాలేదు.

నేను గేటుదాకా సాగనంపడానికి వెళ్ళాను. వకీలు చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండానే, "జబ్బుపడ్డవాళ్ళు ఎక్కడికి పోతారు?" అని అడిగాడు.

"ఇంటికి," అన్నాను.

తల ఊపాడు. "సిలోను జైల్లో ఎవరైనా పోతే షోలాపూర్‌లో కూర్చున్న నాకు తెలుస్తుంది. మీ గోడ అవతల ఏం జరుగుతుందో ఈ చెప్పులు వేసుకుంటున్న చోట నిలబడి కూడా తెలియదు. ఒక్క చావు రాసి ఉంటే, ఎందుకు పోయాడని పెద్ద కోర్టులో అడుగుతాను. రాయనిదాన్ని ఏమని అడగను నాయనా?"

అతను స్టేషను వైపు నడిచి వెళ్ళిపోయాడు. గేటు మూసి వెనక్కి వస్తూ గుమ్మం దగ్గర ఆగాను. బక్కన్న తండ్రి గంప దించిన గుమ్మం మీదుగానే రోజూ పది సార్లు తిరుగుతున్నాను మరి.

సాయవ్వ

ఆ నెలలోనే మల్లప్పకు జ్వరం వచ్చింది. ఝరాసంగం దగ్గర మెట్ట రైతు. వానలు లేక జొన్న ఎండిపోయింది. విత్తనానికని దాచుకున్న రెండు మూటలు గడ్డివాములో దొరికాయని లెవీ ఎగ్గొట్టిన నేరం మీద తెచ్చారు. వచ్చినప్పుడు గేటుకి తల తగిలేంత మనిషి. జ్వరం పట్టాక కన్నడంలో ఎద్దులను అదిలిస్తూ కలవరించేవాడు. పక్కవాళ్ళు పట్టుకోకపోతే లేచి గోడను దున్నబోయేవాడు.

దారోగా సాబ్ చూసి, "కబురు పంపు," అన్నాడు.

భార్య వచ్చింది. సాయవ్వ. నల్లటి సన్నటి మనిషి, కొంగు నడుముకు బిగించి కట్టింది. బండి మాత్రం తేలేదు. కాళ్ళనడకన వచ్చింది. బక్కన్న ఆమెకు వరసకు మరిది అవుతాడని నాకు అప్పుడు తెలియదు.

"నీ పెనిమిటిని ఇడిసిపెడుతున్నం. వేలిముద్ర ఎయ్యి, తీస్కపో," అన్నాడు దారోగా సాబ్.

ఆమె లోపలికి వెళ్ళి మల్లప్పను చూసింది. నుదుటి మీద చెయ్యి వేసింది. బయటికొచ్చి, "నేను తీస్కపోను," అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆమెకు సరిగ్గా వినపడలేదనుకున్నాడు దారోగా సాబ్. "విడుదలమ్మా! ఇంటికి తోల్కపొమ్మంటున్న!"

"ఇన్న సాబ్. నిలబడ్డ మనిషిని తెచ్చిన్రు. నిలబెట్టి ఇయ్యిన్రి, తోల్కపోత. గిట్ల సగం సంపి మా నెత్తిన పెడితే ఎట్ల?"

"జబాన్ సంభాల్కే మాట్లాడు! ఎవరు సంపిన్రు?"

"మా బక్కన్న గిట్లనే వచ్చిండు. వాగు కాడ పోయిండు. పోయిండని చెప్పనీకి మీ కాడికొస్తే, వాడు మా లెక్కల లేడు పో అన్నరు. చిరాగ్‌పల్లి ఈరప్ప గట్లనే. నా మొగుడు మీ కాడ ఉన్నడు. బతికితే మీ కాడ బతకాలె, సస్తే మీ కాడ సావాలె. దవాఖాన డాక్టరును పిలువున్రి."

దారోగా సాబ్ బతిమాలాడు. ఆ మాట నిజంగా రాస్తున్నాను, బతిమాలాడు. బండి తనే ఏర్పాటు చేస్తానన్నాడు, బాడుగ తనే ఇస్తానన్నాడు. ఆమె వినలేదు. బెదిరించాడు. నిన్నూ లోపలేస్తానన్నాడు. "ఎయ్యి. ఆయన పక్కన పడుంట," అంది. గేటు ముందు మట్టిలో చతికిలబడింది. కచేరీకి వచ్చీపోయే జనం ఆగి చూడడం మొదలుపెట్టారు. ఏమైందక్కా అని అడిగిన ప్రతివాడికీ మొదటినుంచి చెబుతోంది, పెద్దగా, ఏడవకుండా. సాయంత్రానికి బజారంతా పాకింది. ఇక గత్యంతరం లేక దారోగా సాబ్ దవాఖానకు మనిషిని పంపాడు.

డాక్టరు మర్నాడు వచ్చాడు. కుర్రవాడు, పొడి మాటల మనిషి. మల్లప్పను చూసి, వరుసలో పడుకున్న మిగతావాళ్ళ చొక్కాలు ఎత్తి చూశాడు. ఇంకో ఆరుగురికి దద్దుర్లున్నాయి. ఈ జ్వరం పేల వల్లే అంటుకుంటుందని చెప్పి, గొంగళ్ళన్నీ బయటికి లాగించి, కాగుల్లో నీళ్ళు మరగబెట్టి ముంచమన్నాడు. అందరికీ తలలు గొరిగించాడు. సాయవ్వను లోపలికి రానివ్వమన్నాడు. ఆమె భర్త తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గంజి పోసింది. మల్లప్ప ఒకసారి ఆమెను గుర్తుపట్టి, ఎద్దుల్ని తోలుకొచ్చావా అని అడిగాడు. తోలుకొచ్చాను అంది. ఎద్దులు లెవీ కింద ఎప్పుడో పోయాయి.

నాలుగో రోజు పొద్దున, ఎండ గదిలోకి పడే వేళకి మల్లప్ప పోయాడు. ఆలస్యమైందని డాక్టరు అన్నాడు. వారం ముందు పిలిచి ఉంటే బతికేవాడేమో అన్నాడు. మిగిలిన ఆరుగురూ బతికారు.

పిడికిలి

ఇక్కడ నా సర్వీసులో నేను మర్చిపోలేనిది జరిగింది. దారోగా సాబ్ పరుగున వచ్చాడు. చేతిలో జమానత్ కాగితం. నిన్ననే విడుదల చేసినట్టు రాసుకుందాం అన్నాడు. "అమ్మా, పోయినోడు పోయిండు. నీ వేలు ఒక్కసారి ఎయ్యి. మట్టి చెయ్యనీకి, దినాలకు అంత నేను చూస్కుంట. నా నౌకరీ పీకల మీదికొచ్చింది."

సాయవ్వ కుడిచేతి బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. ఆయన ఆ పిడికిలి విప్పబోయాడు. ఆమె విప్పనివ్వలేదు. అప్పుడాయన చుట్టూ చూసి, "అయితే వీనిదే వేయించు నర్సింలు," అని మల్లప్ప చెయ్యి చూపించాడు.

చచ్చినవాడి వేలు! ఇంకా వేడి చల్లారలేదు ఆ వేలికి. ఇంకు డబ్బా నా చేతిలోనే ఉంది. మూత పెట్టేసి జేబులో వేసుకున్నాను. అంతకన్నా వీరత్వం నేనేమీ చూపించలేదు. డాక్టరు తన కాగితం మీద "జైలు లోపల మరణం" అని రాసి, సంతకం పెట్టి, "ఇక మీరు వేరేలా రాస్తే మీ చేత్తోనే రాయండి," అన్నాడు. దారోగా సాబ్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది, అసహ్యమూ కలిగింది, రెండూ ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఏమైందంటే, మీరు ఊహించినట్టు న్యాయం జరగలేదు. పైనుంచి తాఖీదు వచ్చింది. ఐదేళ్ళు సున్నా ఉన్నచోట ఒకటి ఎలా వచ్చిందని. దారోగా సాబ్‌ను బదిలీ చేశారు. పక్క తాలూకా సున్నాగాళ్ళకు ఆ ఏడూ శభాష్ కాగితాలే అందాయి. నిజం రాసినచోట శిక్ష, అబద్ధం రాసినచోట మెప్పు. అయితే ఆ ఒక్కటి కారణంగా మా జైలుకు డాక్టరు వారం వారం రావాలని ఉత్తర్వు వచ్చింది. గొంగళ్ళు ఉడకబెట్టడం రివాజు అయింది. తర్వాతి చలికాలంలో మా గేటులోంచి ఒక్క మెహర్బానీ బండి కూడా వెళ్ళలేదు. అన్ని సున్నాలూ ఇవ్వనిది ఆ ఒకటి ఇచ్చింది.

అందుకే చెబుతున్నాను. ఇప్పుడు చాలా దేశాలు తమ జైళ్ళ లెక్కలు బయట పెడుతున్నాయి. ఎంతమందిని లోపల పెట్టారు, అందులో తీర్పు రానివాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు. మీ పై అధికారి "బయటివాళ్ళకి మన లెక్కలెందుకు" అంటే ఆయన ముఖం నేను ఇదివరకే చూశానని గుర్తుపెట్టుకోండి. పక్క దేశం లెక్క చదివితేనే మీ జైల్లో మామూలు అనుకున్నది మామూలు కాదని తెలుస్తుంది. ఎక్కువ కనిపించినచోట అడగండి. ఏమీ కనిపించనిచోట ఇంకా గట్టిగా అడగండి.

అచ్చు పుస్తకం

నవాబు రాజ్యం పోయాక కొత్త సర్కారు జైళ్ళ లెక్కలు మొదటిసారి అచ్చు వేసింది. షోలాపూర్ వకీలు ఒక ప్రతి నాకు టపాలో పంపాడు. మా జహీరాబాద్ పేజీలో చీటీ పెట్టాడు. పాత సంవత్సరాల అంకెలు కూడా ఒకదాని కింద ఒకటి వేశారు.

సంతరోజు సాయవ్వ అల్లం గంప ముందు కూర్చుని ఉంది. పుస్తకం తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. చదువు లేదు, అందుకని చూపించాను. "గిది మన జైలు, అక్కా. గీ ఒకటి మీ మల్లప్ప. సర్కారు రాసింది. ఎవరైనా కొనుక్కుని చూడొచ్చు. సముద్రం అవతలోడైనా."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. అంకె మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"మంచిగ రాసిన్రు," అంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తర్వాత వేలు పైకి జరిపింది. "దీని మీద గుండ్రంగున్నవి ఏందన్నా?"

"సున్నాలు. ఆ ఏండ్లల్ల ఎవ్వరు సావలేదని."

ఆమె నా ముఖంలోకి చూసింది. మళ్ళీ పుస్తకంలోకి చూసింది. ఒక సున్నా మీద వేలు ఆనించి, "గీ దాంట్ల మా బక్కన్న ఉన్నడు," అంది. వేలు ఇంకా పైకి జరిపి, "గీ దాంట్ల చిరాగ్‌పల్లి ఈరప్ప ఉన్నడు." ఇంకా పైన ఇంకో సున్నా ఉంది. దాని మీద వేలు పెట్టి, పేరు తెలియక, నన్ను అడిగింది.

"గీ దాంట్ల ఎవరున్నరన్నా?"